లోపల వదిలిన గుడ్డ

తార్నాకలో పరుశురాం కుట్టుకి వంక పెట్టిన మనిషి లేడు. ఆయన మాట నమ్మిన మనిషీ లేడు. "ఎప్పుడిస్తవు పరుశురామన్నా?" అని ఎవరడిగినా మెడలో టేపు సర్దుకుని, కళ్లజోడు మీదుగా చూసి, ఎంతో ప్రేమగా "రేపు" అంటాడు. ఇరవై తొమ్మిదేళ్లుగా అంటూనే ఉన్నాడు. మెట్రో స్టేషన్ వెనక సందులో, బిడ్డ పుట్టిన ఏడు ఆమె పేరే పెట్టుకున్న 'పద్మశ్రీ టైలర్స్'లో, పెళ్లైపోయాక చేతికొచ్చిన పెళ్లి జాకెట్లెన్నో, పంద్రాగస్టు దాటాక పిల్లల ఒంటి మీదికెక్కిన యూనిఫారాలెన్నో ఎవరూ చెప్పలేరు. అయినా జనం ఆయన దగ్గరికే వస్తారు. తిడతారు, అలుగుతారు, హబ్సిగూడలో ఇంకో టైలరు దగ్గరికి పోతారు, చంక దగ్గర పట్టేసిన జాకెట్టుతో మళ్లీ తిరిగొస్తారు.

ఆయన బద్ధకస్తుడు కాదు. పొద్దున ఏడింటికి మిషనెక్కితే భోజనానికి పిలిచేదాకా దిగడు. అబద్ధాలకోరూ కాదు, రేపు అన్నప్పుడు రేపే ఇద్దామనుకుంటాడు పాపం. అసలు జబ్బు వేరే ఉంది. ఎదురుగా నిలబడ్డ మనిషికి "కాదు" అని చెప్పడం ఆయనకు చేతకాదు. పది మంది పని మీద పదకొండో మనిషి పని వేసుకుంటాడు, పదకొండు మందికీ కలిపి ఒకటే రేపు చెబుతాడు.

అలాంటి మనిషిని తీసుకొచ్చి తన ఉద్యోగం ఆయన చేతిలో పెట్టవలసి వచ్చింది పద్మశ్రీకి.

పద్మశ్రీ యూనివర్సిటీలో కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. ప్రతి ఎండాకాలం వేరే దేశాల నుంచి పదిహేను, పదహారేళ్ల పిల్లలు క్యాంపస్‌కి వస్తారు. రెండు వారాలుంటారు. రోబోలంటారు, నాటకాలంటారు, ఎవరికి నచ్చిన వర్క్‌షాపులో వాళ్లు చేరతారు. ఈ ఏడు 'మీ బట్ట మీరే కుట్టుకోండి' అని ఒకటి పెట్టారు. నేర్పాల్సిన మాదాపూర్ డిజైనరు సరిగ్గా నాలుగు రోజుల ముందు చేతులెత్తేశాడు. ప్రోగ్రాం పెద్ద ప్రొఫెసర్ కరుణాకర్ గారు, "పద్మశ్రీ, మీ నాన్నగారు టైలరే కదా?" అన్నారు. ఈసారి సాఫీగా నడిపిస్తే వచ్చే ఏడు ప్రోగ్రాం మొత్తం నీకే అని కూడా అన్నారు. కాదనడం ఆ పిల్లకీ చేతకాలేదు. ఎవరి పోలికో చెప్పక్కర్లేదు.

సాయంత్రం చాయ్ తాగే వేళ దుకాణంలో స్టూలు మీద కూర్చుని సంగతంతా చెప్పింది.

"పన్నెండు మంది పిల్లలు, పన్నెండు కుర్తాలు. సోమవారం మొదలు, ఆపై వారం శుక్రవారం ఐదింటికి క్లోజింగ్. అవి ఏసుకుని స్టేజీ ఎక్కుతరు. ఒక్కటే మాట బాపూ. రేపు అనొద్దు."

"నీ పనికాడ అంటనా బిడ్డా!" అన్నాడు పరుశురాం.

కప్పులు తీసుకుపోవడానికొచ్చిన తల్లి భాగ్య గుమ్మంలో ఆగింది. మొగుడి వంక చూసింది, బిడ్డ వంక చూసింది. "అన్లేదా?" అని మాత్రం అని లోపలికెళ్లిపోయింది.

ఆ ఒక్క మాట వెనక పద్నాలుగేళ్లున్నాయి. పద్మశ్రీ పదో తరగతి ఫేర్‌వెల్‌కి, భాగ్య వాళ్లమ్మ పెట్టిన వంకాయ రంగు పట్టుచీర కోసి లంగా, జాకెట్టు కుడతానన్నాడు పరుశురాం. ఆ వారం పెళ్లిళ్ల సీజను. రేపు అన్నాడు. మర్నాడూ రేపే అన్నాడు. ఫేర్‌వెల్ రోజు పట్టులంగాల మధ్య స్కూలు యూనిఫారం వేసుకుని వెళ్లింది టైలరు కూతురు. ఏడవలేదు, అరవలేదు. ఆ తర్వాత తండ్రికి చేతి రుమాలంత గుడ్డ కూడా ఇవ్వలేదు. కాలేజీకైనా, ఉద్యోగానికైనా, చుట్టాల పెళ్లికైనా రెడీమేడే. సందులో అందరి కొలతలూ తెలిసిన పరుశురాంకి సొంత బిడ్డ కొలత తెలియక పద్నాలుగేళ్లైంది. ఆ సంగతి ఆయన ఎవరితోనూ అనడు గానీ, ఆమె కొత్త డ్రెస్సు వేసుకుని గుమ్మం దాటిన ప్రతిసారీ భుజం దగ్గర కుట్టు ఎట్లా ఉందో చూసి తల దించుకుంటాడు.

సోమవారం పొద్దున ఆరు మిషన్లు ట్రాలీ ఆటోలో వేసుకుని క్యాంపస్‌కి బయలుదేరాడు. పిల్లలు చెయ్యి తిప్పుకోవడానికి పనికొస్తాయని, అటక మీదున్న చిల్లర గుడ్డల మూట ఒకటి విప్పి చూడకుండానే లాగి ఆటోలో పడేశాడు. అదే ఆయన చేసిన తప్పు. అదే ఆయన చేసిన మంచి పని కూడా, కానీ ఆ సంగతి తెలియడానికి ఇంకా టైముంది.

హాలు పెద్దది, కిటికీలు పెద్దవి, బయట తురాయి చెట్లు ఎర్రగా పూసి ఉన్నాయి. పన్నెండు మంది పిల్లలు మిషన్లను మ్యూజియంలో వస్తువులను చూసినట్టు చూశారు. వాటికి కరెంటు అక్కర్లేదని, కాళ్లతో తొక్కాలని తెలిసేసరికి కేరింతలు కొట్టారు. పరుశురాంకొచ్చిన ఇంగ్లీషు ఇంచులు, స్లీవు, కాలరు దాటి పెద్దగా లేదు. పద్మశ్రీ పక్కన నిలబడి ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పింది. ఆమె లేనప్పుడు ఆయన తెలుగులోనే చెప్పేశాడు. విచిత్రమేమంటే, వాళ్లకి అర్థమైంది.

మొదటి రెండు రోజులు దారమే ఇవ్వలేదు. పాత పేపర్ల మీద గీతలు గీసి, ఖాళీ సూదితో గీత మీదే కుట్టుకుంటూ పొమ్మన్నాడు. చిలీ నుంచి వచ్చిన మాటెయో అనే పిల్లాడు ముందుకు తొక్కుతున్నాననుకుంటూ వెనక్కి తొక్కేవాడు. పరుశురాం వాడి పక్కన కింద కూర్చుని, చేత్తో వాడి పాదం పట్టుకుని, "ఇట్ల కొడుకా, ఇట్ల. మడిమె, వేలు, మడిమె, వేలు" అని గంటసేపు తొక్కించాడు. ఇంట్లో ఎవరి మీదైనా కోప్పడతాడేమో గానీ, నేర్చుకునేవాడి మీద ఆయన ఎన్నడూ గొంతు పెంచలేదు. పిల్లలు ఆయన్ని 'మాస్టర్‌జీ' అన్నారు. ఆ పిలుపుకి ఆయన లోపల్లోపల చాలా మురిసిపోయాడు.

బోట్స్‌వానా నుంచి నాలెడి అనే అమ్మాయి వచ్చింది. పదహారేళ్లు, పొడుగ్గా ఉంటుంది, మాట నెమ్మది. మొదటి రోజే అంచు ఊడిన స్కర్టు ఒకటి తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఎప్పుడిస్తారని అడిగింది.

"రేపు," అన్నాడు పరుశురాం, అలవాటు కొద్దీ. పద్మశ్రీ గత్యంతరం లేక అదే ఇంగ్లీషులో చెప్పింది.

మంగళవారం అందరికంటే ముందు నాలెడి వచ్చింది. స్కర్టు ఎక్కడ పెట్టిందో అక్కడే ఉంది. "రేపు," అన్నాడు మళ్లీ. సరేనంది. బుధవారం తొమ్మిది కొట్టకముందే వచ్చి, స్టూలు లాక్కుని ఆయన మిషన్‌కి ఎదురుగా కూర్చుంది. కోపం లేదు, మొహం ముడుచుకోలేదు. ఊరికే కూర్చుంది.

"ఏందంట?" అని కూతుర్ని అడిగాడు పరుశురాం.

"వాళ్ల అమ్మమ్మ ఊళ్లో కోళ్లు అమ్ముతదంట. చెప్పిన రోజు ఇయ్యకపోతే మనుషులు వచ్చి వాకిట్ల కూసుంటరంట. కొట్లాడరంట. ఇచ్చేదాకా కూసుంటరంట," అంది పద్మశ్రీ. నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగింది.

తిట్టేవాళ్లకి పరుశురాం దగ్గర చిరునవ్వుంది, అలిగేవాళ్లకి చాయ్ ఉంది. ఊరికే కూర్చునేవాళ్లకి మాత్రం ఆయన దగ్గర ఏమీ లేదు. స్కర్టు తీశాడు, సూదిలో దారం ఎక్కించాడు, అంచు మడిచి తురపాయి వేసి చేతిలో పెట్టాడు. గడియారం చూస్తే ఎనిమిది నిమిషాలు పట్టింది. మూడు రోజులు ఆపిన పని ఎనిమిది నిమిషాలదా అని ఆయనకే సిగ్గేసింది.

ఆ తర్వాత కుర్తాలు కత్తిరించడం మొదలైంది. ప్రతి పక్క కుట్టు దగ్గరా లోపలికి రెండంగుళాల గుడ్డ వదిలి గీత గీయించాడు. నాలెడి వేలు పెట్టి చూపించింది. ఇంత గుడ్డ లోపల దాచడం దండగ కదా, మా బట్టల్లో ఇట్లా ఉండదు అంది.

"దండగ కాదు బిడ్డా. మనిషి ఇయ్యాల ఉన్నట్లే ఎల్లకాలం ఉంటదా? పొడుగైతది, ఒళ్లు చేస్తది. కుట్టు విప్పి గుడ్డ వదలాలె, మళ్ల కుట్టాలె. గప్పుడు బట్ట గూడ మనిషితోని పెరుగుతది. లోపల గుడ్డ లేకుంట కుట్టినోడు మనిషికి రేపు ఉంటదని సూడనోడే."

పద్మశ్రీ ఆ మాటలు ఇంగ్లీషులో చెప్పడానికి కాస్త తడుముకుంది. చెప్పాక తండ్రి వైపు చూడలేదు.

అంతా సవ్యంగా సాగుతుందనుకునేలోపే పరుశురాం జబ్బు బయటపడింది. లేడీస్ హాస్టల్ వార్డెన్ సుబ్బలక్ష్మి గారు గుంటూరు మనిషి, ఒకరోజు హాలులోకి తొంగి చూసి, "మాస్టారూ, మీ చేతి పని భలేగా ఉందండీ. నావి నాలుగు బ్లౌజులున్నాయి, కాస్త చూస్తారా?" అన్నారు. కాదనలేదు. కరుణాకర్ గారు క్లోజింగ్‌కి షేర్వానీ అన్నారు, కాదనలేదు. రోబోల వర్క్‌షాపు పిల్లలు జిప్పు పోయిన బ్యాగులు, మోకాలు చిరిగిన ప్యాంట్లు తెచ్చారు, వాళ్లనీ కాదనలేదు. అన్నిటికీ చిన్న గుడ్డముక్కో, కాగితమో చీటీగా పిన్ను పెట్టి, పేరూ తేదీ రాసి, "రేపు" అని మూలన వేశాడు. రెండో వారం బుధవారానికి ఆ మూల అచ్చం తార్నాక దుకాణం మూలలాగే తయారైంది. కుర్తాల సంగతి చూస్తే ఆరింటికి చేతులు లేవు, నాలుగింటికి కాలర్లు లేవు, ఒకటికి మాటెయో రెండు చేతులూ ఒకే పక్కకి కుట్టేశాడు.

స్టేజీ లిస్టు రాసుకోవడానికి పద్మశ్రీ వచ్చింది. కుర్తాలు చూసింది. తర్వాత ఆ మూల చూసింది.

"ఇవన్నీ ఏంది బాపూ?"

"ఏం లేదు బిడ్డా, అడిగిన్రు... రేపు..."

మాట సగంలోనే ఆగిపోయింది. పద్మశ్రీ లిస్టు రాయడం ఆపేసింది. చేతిలో కాగితం మడత పెట్టింది, మళ్లీ విప్పింది. ఆ మొహం పరుశురాంకి తెలుసు. పద్నాలుగేళ్ల కిందట యూనిఫారం వేసుకుని గుమ్మం దాటిన మొహం అదే. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకి. అంతమంది పిల్లల మధ్య, టేపు మెడలో వేసుకుని, యాభై ఎనిమిదేళ్ల మనిషి కూర్చోలేక, నిలబడలేక అవస్థపడ్డాడు.

నాలెడి లేచింది. మూల దగ్గరికి వెళ్లి కింద కూర్చుని మూటలన్నీ ముందుకు లాక్కుంది. మా అమ్మమ్మ ఇలాంటప్పుడు ఒకటే చేస్తుంది, అందరికంటే ముందు అడిగినవాళ్లది ముందు ఇస్తుంది అంది. చీటీలు చదివి తేదీలు చెప్పమంది. పద్మశ్రీకి ఓపిక లేదు. అయినా పిల్లలు చుట్టూ చేరేసరికి చదవక తప్పలేదు. ఒక్కొక్క చీటీ చదువుతుంటే మాటెయో వరసగా పేర్చాడు. వార్డెన్ బ్లౌజులు పోయిన గురువారంవి. షేర్వానీ శుక్రవారంది. బ్యాగులు సోమవారంవి.

అడుగున చిల్లర గుడ్డల మూట మిగిలింది. పిల్లలు పై ముక్కలే వాడారు, కిందిదాకా వెళ్లలేదు. నాలెడి ముడి విప్పి దులిపింది. రంగురంగుల పీలికల్లోంచి నాలుగు మడతలు పెట్టిన వంకాయ రంగు పట్టు జారి నేల మీద పడింది. చేతులు కుట్టని జాకెట్టు, అంచు వెయ్యని లంగా. పిన్ను తుప్పు పట్టి గుడ్డకి అంటుకుపోయింది. చీటీ మాత్రం అలాగే ఉంది.

ఇది ఎవరిది, తేదీ ఎంత అని అడిగింది నాలెడి.

పద్మశ్రీ చీటీ చేతిలోకి తీసుకుంది. తండ్రి అక్షరాలే. 'పద్దు. లంగా జాకెట్. 17-3-2011. రేపు.'

చీటీ మీది తుప్పు వేలితో దులిపింది. తర్వాత ఇంగ్లీషులో నెమ్మదిగా చదివింది. పద్దు ఎవరని ఎవరో అడిగారు. "నేనే," అంది.

పన్నెండు మంది పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నాలెడి ఆ పట్టుగుడ్డని తీసుకుని వరసలో అన్నిటికంటే ముందు పెట్టింది.

"అది వద్దు. పక్కకు పెట్టండి. ముందు కుర్తాలు చూడండి," అని ఇంగ్లీషులో గబగబా చెప్పి, కళ్లు తుడుచుకోకుండానే పద్మశ్రీ బయటికి వెళ్లిపోయింది.

పరుశురాం ఆ చీటీ తీసి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత లేచి షేర్వానీ గుడ్డ చంకలో పెట్టుకుని కరుణాకర్ గారి గదికి నడిచాడు. దూరం రెండు వందల అడుగులుంటుందేమో. మౌలాలి గుట్ట ఎక్కినట్టే అనిపించింది ఆయనకి.

"సార్, మీ షేర్వానీ... కాదు సార్."

"ఏం కాదు?"

"నాతోని కాదు సార్. శుక్రారానికి కాదు. పిల్లల కుర్తాలున్నయి. నా బిడ్డ పనున్నది." పైకప్పు కూలుతుందేమో అన్నట్టు నిలబడ్డాడు.

"అంతేనా? పోయినేడాదిది ఉందండీ, అదే వేసుకుంటాను. చాయ్ తాగుతారా?" అన్నారు కరుణాకర్ గారు.

పరుశురాం చాయ్ తాగకుండానే బయటపడ్డాడు. వరండాలో స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. ఇరవై తొమ్మిదేళ్లుగా తను భయపడింది దీనికేనా? వార్డెన్ గారి దగ్గరికెళ్లి బ్లౌజులు ముందు పెడితే ఆవిడ ఇంకా నయం. "దానికి అంత మొహం వేలాడేసుకుని రావాలటండీ? నాకు దసరాకి కావాలి. తార్నాక వచ్చినప్పుడు ఇస్తాలెండి," అన్నారు. బ్యాగుల పిల్లలు భుజాలెగరేసి వెళ్లిపోయారు. గంటలో మూల ఖాళీ అయింది.

తిరిగొచ్చి మిషన్ ముందు కూర్చుని పిల్లలకి పని పంచాడు. ఆరుగురు చేతులు, నలుగురు కాలర్లు. మాటెయో తను కుట్టిన చెయ్యి తనే విప్పాలి. నాలెడి కుర్తా ముందే అయిపోయింది గనక పట్టులంగా అంచు ఆమెకిచ్చాడు. కూతురికి చెప్పొద్దని పెదాల మీద వేలు పెట్టి చూపించాడు. అది ఏ దేశం పిల్లలకైనా అర్థమవుతుంది.

లంగాకి అప్పట్లోనే లోపల మూడు మడతలు వేసి కుట్టి ఉంచాడు, ఎదిగే పిల్ల కదా అని. జాకెట్టుకి రెండు పక్కలా గుడ్డ వదిలాడు. ఆ మడతలు విప్పుతుంటే లోపలి పట్టు నిన్న మగ్గం మీంచి దించినట్టుంది. పైన గాలి తగిలిన చోట రంగు కాస్త వెలిసింది, లోపల దాగినచోట చిక్కగానే ఉంది. పొడుగు పెంచిన లంగా మీద అడ్డంగా మూడు ముదురు చారలు పడ్డాయి. ఇస్త్రీ పెట్టినా పోలేదు. నాలెడి వాటి మీద వేలితో రాసి, బాగున్నాయి అన్నట్టు తలూపింది. పరుశురాం అవి పోగొట్టే ప్రయత్నం మానేశాడు.

కొలత మాత్రం అడగలేదు. అడిగితే వద్దంటుందని భయం. గుమ్మంలోంచి పోతున్న మనిషిని చూసి నడుమెంత, ఛాతీ ఎంత, చెయ్యి లావెంత అని చెప్పగలిగిన కళ్లు కదా తనవి. ఆ కంటి కొలత మీదే కుట్టు వేశాడు.

శుక్రవారం మూడున్నరకి పన్నెండో కుర్తాకి చివరి గుండీ పడింది. పిల్లలు ఈలలు వేశారు. పరుశురాం గడియారం చూసుకుని, నమ్మకం కుదరక బయటికొచ్చి వరండాలో గడియారం కూడా చూశాడు.

పద్మశ్రీ పక్క గదిలో పూలదండలు, బొకేలు సర్దుతోంది. నాలెడి న్యూస్‌పేపరులో చుట్టిన పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టింది. పైన అదే పాత చీటీ. 'రేపు' అన్న మాట కొట్టేసి కింద ఆ రోజు తేదీ వేసి ఉంది. పద్మశ్రీ పొట్లం విప్పింది. గుడ్డని ఒకసారి నిమిరి, ఇప్పుడు టైము లేదంది. నాలెడి కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

ఆ కూర్చోవడం సంగతి పద్మశ్రీకి బాగా తెలుసు. నవ్వొచ్చింది. నవ్వుతోనే కళ్లు నిండాయి. లేచి గది తలుపు వేసుకుంది.

నాలుగూ నలభైకి భాగ్య ఆటో దిగి ఆడిటోరియం వెనక మెట్ల దగ్గరికి వచ్చేసరికి, వంకాయ రంగు పట్టు కట్టిన బిడ్డ ఎదురొచ్చింది. తల్లి మెట్టు మీదే ఆగిపోయింది. చెంగుతో మొహం తుడుచుకుని, జడలో పూలు పెడతానని దగ్గరికి తీసుకుంది. పద్మశ్రీ వెంట్రుకలు సర్దుకోవడానికి చెయ్యెత్తింది. కుడి చేతి కింద చర్రుమని కుట్టు తెగింది.

మెట్ల పక్కన పిల్లల్ని వరసలో నిలబెడుతున్న పరుశురాం పరుగెత్తుకొచ్చాడు. చూశాడు. చెయ్యి కొలత అంగుళం తక్కువ పడింది. తార్నాకలో ఎవరినైనా కంటితో కొలిచే మనిషి సొంత బిడ్డను తక్కువ కొలిచాడు. ఆయన కంటికి ఆ చెయ్యి ఇంకా పదో తరగతి చెయ్యే. అది తెలిసిన క్షణాన ఆయనకి ఏడుపు ఆగలేదు. అంతమంది ముందు, కళ్లజోడు తీసి, చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు.

"గుడ్డ చిరగలే బిడ్డా, కుట్టే ఊడింది. లోపల ఇంకా గుడ్డ ఉన్నది," అన్నాడు.

"నేను ఎల్లి డ్రెస్సు మార్చుకొస్తా బాపూ. దీన్ని మెల్లగ చెయ్యి. రేపైనా పర్లే," అంది పద్మశ్రీ. నిజంగా పర్లేదనే అంది. ఆ మాట ఆమె నోట రావడం ఆయనకి తిట్టుకంటే ఎక్కువ తగిలింది.

"కాదు," అన్నాడు పరుశురాం.

జేబులోంచి సూది తీశాడు. నాలెడి అప్పటికే దారం తెచ్చి అందించింది. భాగ్య చెయ్యి అడ్డం పెట్టింది.

"ఒంటి మీదున్న బట్ట కుట్టొద్దంటరు. తెల్వదా నీకు?"

"ఎరికే. అనేటోళ్లను అననీ. చెయ్యి ఇటు పెట్టు బిడ్డా."

మెట్టు మీద మోకాళ్ల మీద కూర్చుని, లోపల దాచిన గుడ్డ ముందుకు లాగి, అంగుళం అవతల చేత్తో గట్టి బఖియా కుట్టు వేయడం మొదలుపెట్టాడు. ఆడిటోరియంలో మైకు పలికింది. పిల్లలు కొత్త కుర్తాల్లో వరసగా నిలబడి ఇటే చూస్తున్నారు. కరుణాకర్ గారు పద్మశ్రీ పేరు పిలిచారు. రెండోసారి పిలిచారు.

"పిలుస్తున్నరు, పో," అంది భాగ్య.

"ఆగనీ అమ్మా," అంది పద్మశ్రీ. చెయ్యి కదపకుండా నిలబడి, తండ్రి నెరిసిన తల వైపు చూస్తూ, "పద్నాలుగేండ్లు ఆగిన. రెండు నిమిషాలు ఆగనా?" అంది.

పరుశురాం తలెత్తలేదు. చివరి ముడి వేసి, దారం పళ్లతో కొరికి, కుట్టు మీద బొటనవేలితో ఒకసారి రాశాడు.

"అయిపోయింది బిడ్డా," అన్నాడు.